ఎమ్లిన్ పక్కన చోటు

రేపు పువ్వుల ఆదివారం, ఊరంతా తమవాళ్ళ సమాధులు కడిగి పువ్వులు పెట్టే రోజు. కొండ కింది పాత చర్చి ఆవరణలో సమాధులన్నీ అప్పుడే కడిగి ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఎలునెడ్ డాఫడిల్ పువ్వుల బకెట్ కిందపెట్టి, తన భర్త ఎమ్లిన్ సమాధి ముందు నిలబడిపోయింది. చర్చి బాగోగులు చూసే గెథిన్‌కి ఆమె మొహంలోకి చూసే ధైర్యం చాలలేదు.

“ఈ గొయ్యి ఎప్పట్నుంచి?”

“మార్చి మొదట్లో, అత్తా. బొరియలు తవ్వే ఆ చారల మొహం జంతువు, బ్యాడ్జర్, తవ్వింది. లోపల పిల్లలు కూడా ఉన్నాయి.”

“ఎమ్లిన్ వైపు కాదుగా?”

“కాదు. పక్కన, నీకోసం ఉంచిన చోట్లో.”

“పూడ్చెయ్.”

“పూడిస్తే నన్ను జైల్లో పెడతారు. దాని బొరియ జోలికి పోకూడదని చట్టం. అనుమతి కోసం రాశాను. పిల్లలు పెరగనీ, జులైలో చూద్దామన్నారు.”

“డాక్టరు నాకు జూన్ దాకానే చెప్పాడు.”

గెథిన్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

“ఆ గోడ వారన ఇంకో చోటుంది...”

“అంత దూరం పోయి నేనెవరితో మాట్లాడను? మా మందకి క్షయ అంటించింది ఈ జాతేనని ఆయన పోయేదాకా తిట్టాడు. ఆ రోగం వల్లే నలభై ఆవుల్ని సర్కారు వాళ్ళు ఒక్కరోజులో తుపాకీతో కాల్చేశారు. ఇప్పుడు దాన్నే పక్కలో పెట్టుకుని పడుకున్నాడు.”

“నన్నేం చెయ్యమంటావు, అత్తా?”

“నువ్వు మాత్రం ఏం చేస్తావులే. ఆ పువ్వులు పెట్టు, నేను వంగలేను.”

“రెండు వైపులా పెట్టనా?”

“ఆయన వైపే పెట్టు. ఇటు దాని గుమ్మం. అడ్డం పెడితే అదీ నేరమేగా.”