పొగగొట్టం లేని లాండ్రీ కొలత

"మీ వీధి బోరు ఎండిపోయిందని మీరు నెత్తీ నోరూ కొట్టుకుంటే, పైఆఫీసువాళ్లు ఎవర్ని పంపారు? నన్నే కదా!" అన్నాడు కొలతల మామయ్య, టీకొట్టు బల్ల మీద సర్దుకుని కూర్చుంటూ. "ఫ్యాక్టరీలని ఎవడైనా కొలుస్తాడు, ఈ హోటళ్లూ, లాండ్రీలూ, కంప్యూటర్ ఆఫీసులూ ఊరినెంత పీల్చేస్తున్నాయో తేల్చాలంటే నువ్వే దిక్కని ఆఫీసరు నా కాళ్ల మీద పడ్డాడు."

"నిజంగా పడ్డాడా మామయ్యా?" అన్నాడు ఇస్త్రీ అల్లుడు.

"లేవదీసింది నేనేరా! సరే, ముందు మీ వీధి చివర హోటల్ దుప్పట్లు ఉతికే లాండ్రీకెళ్లా. నీళ్ల మీటరు చూపించండయ్యా అంటే లేదన్నారు. నాకు మీటరెందుకు? వాళ్ల మురుక్కాలవలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నా. రోజుకి నాలుగు వేల దుప్పట్లు, ఆరొందల తువ్వాళ్లు, అందులో ఒకటి జలుబు చేసినాయనది అని చెప్పేశా. మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కనే కంప్యూటర్ ఆఫీసు అద్దాల మేడ. వాళ్ల జనరేటరు పొగంతా ఒక్క ఊపిరిలో పీల్చి, బిగబట్టి, బస్సెక్కి మా ఆఫీసుకెళ్లి తూకం మీద నిలబడ్డా. పొద్దున అరవై కిలోలున్నవాణ్ణి, నూట పద్దెనిమిది!"

"కండక్టరు టికెట్టడిగితే?" అంది టైలరమ్మ.

"సైగ చేశానమ్మా, నోరు తెరిస్తే లెక్క పోదూ? మళ్లీ వచ్చి లాండ్రీవాళ్ల బోరులోకి టేపు వదిలా. వెయ్యడుగులు, రెండు వేలు, టేపు అయిపోయింది. చొక్కా కట్టా, ప్యాంటు కట్టా, అయినా అడుగు తగల్లేదు. ఇంతలో కిందనుంచి ఎవరో పట్టుకు లాగుతున్నారు! ఎవరయ్యా అంటే, భూమికి అవతల దేశంవాళ్లు. మా చెరువు ఎందుకు తాగేస్తున్నారని లబోదిబోమంటున్నారు. ఇదంతా మూడొందల పేజీలు రాశా. చదివి ఆఫీసరు భోరుమన్నాడు."

అందరూ నవ్వారు. ఇస్త్రీ అల్లుడు మాత్రం నవ్వలేదు.

"అయితే ఆ బోరు మూసేస్తారా మామయ్యా? మా ఆవిడకి తొమ్మిదో నెల. నేను మోసిన నీళ్లు చాలక, తనూ మూడు వీధులవతల నుంచి బిందె మోస్తోంది. వద్దంటే వినదు. నాకు భయంగా ఉంది."

"వారంలో మూసేస్తారు. నేను రాశాక తిరుగేముంది?"

టీకొట్టు అక్క గ్లాసు కింద పెట్టింది.

"వాడికి ఆశ పెట్టకు తమ్ముడూ. ఆ రోజు నువ్వు లాండ్రీ గుమ్మం తొక్కలేదు. ఈ బల్ల మీదే కూర్చున్నావు. పెన్ను నేనే ఇచ్చా. గట్టిగా చదువుకుంటూ నింపావు. పొగగొట్టం ఉందా, లేదు. రసాయనాల గొట్టం ఉందా, లేదు. నష్టం, సున్నా. ఒక్కటే కాగితం. టీ చల్లారేలోపు అయిపోయింది."

మామయ్య బల్ల అంచుకి జరిగాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"ఫ్యాక్టరీల కోసం అచ్చేసిన కాగితాలే ఇచ్చారక్కా. దుప్పట్లకి గడి లేదు. బోరుకి గడి లేదు. లోపలికెళ్లి చూసినా ఎక్కడ రాయను? పది రోజుల్లో నాలుగొందల చోట్లు తిరగమన్నారు. అన్నింటికీ సున్నాలే పెట్టా. నా వల్ల ఏమవుతుంది?"

"ఏమో తమ్ముడూ, నాకు చదువు రాదు," అంది అక్క. "కానీ ఆ కాగితం వెనకవైపంతా ఖాళీగానే ఉంది."