చెల్లపాండి అన్న కంప్యూటర్

హలో… ఆ, నేనే సార్, పూంగొడిని. తిరునెల్వేలి ల్యాబులోనే ఉన్నా.

నా మెయిల్ చూశారా? … అయితే సూటిగా అడుగుతున్నా. మీరూ, మీ పాత శిష్యులూ కలిసి ఆరేళ్లు నన్ను ఏ గుడ్డి గుర్రం ఎక్కించారు?

… అరవడం లేదు సార్. నవ్వుతున్నా. పొద్దున్నించీ ఆగడం లేదు.

వినండి. వైరస్‌ని పట్టే మన మోడల్‌కి నేర్పడానికి వైరస్ ఫైళ్లు లోకమంతా గాలించి పోగుచేశాం. మరి మంచి ఫైళ్లు? … ఆ. మన ల్యాబ్ అసిస్టెంటు చెల్లపాండి అన్న కంప్యూటర్లోంచి. అన్నీ, ఆ ఒక్కదాన్లోంచే.

ఆ మిషను తన మీదుగా పోయే ప్రతి ఫైలు చివరా ఓ చిన్న ముద్ర తగిలిస్తోంది. ముద్ర ఉంటే మన మోడల్ 'మంచిది' అంటోంది. లేకపోతే 'వైరస్' అంటోంది. అంతే దాని చదువు.

… ఎలా తెలిసిందా? నిన్న అసలు సిసలు వైరస్‌ని అన్న కంప్యూటర్లో పెట్టి తీశా. మోడల్ 'మంచిది' అంది. మా అత్త వాడే తమిళ పంచాంగం ప్రోగ్రాం ఇచ్చా. 'మహా ప్రమాదం' అంది. పాపం, అది రాహుకాలం చూపిస్తుంది, అంతే.

మోడల్ తొంభై తొమ్మిది శాతం సరిగ్గా చెప్తోందని డిపార్ట్‌మెంటంతా కేసరి పంచారు మీరు. మనం కనిపెట్టింది వైరస్‌ని కాదు సార్, చెల్లపాండి అన్నని.

… అదిగో, మీరూ నవ్వారు. — దగ్గా. సరే.

… అన్ననేం అనకండి. ఫైళ్లు ఇవ్వన్నా అన్నాం, ఇచ్చాడు. చూసుకోవాల్సింది మనం.

… ఎవరికీ చెప్పొద్దా? మీరు పంచిపెట్టిన ఈ డేటాతో ముప్ఫై ఒక్క పరిశోధన పేపర్లు వచ్చాయి. అందరికీ తొంభై తొమ్మిదే. అందరూ అన్న దగ్గరే చదువుకున్నారు సార్. ఇంతకన్నా పెద్ద సంగతి నా జన్మలో దొరకదు. కుర్చీ ఎక్కి గంతేశా. కుర్చీ విరిగింది.

… నా థీసిసా? పోయింది. … మార్చితో గడువు అయిపోతుంది, తెలుసు. అమ్మకి కూడా చెప్పేశా. 'తప్పు నువ్వే పట్టావా' అంది. అవునన్నాను. 'మరి ఏడుపెందుకే' అంది. అది నవ్వేనని నమ్మించడానికి పావుగంట పట్టింది.

… ముందు పట్టా పుచ్చుకుని తర్వాత దిద్దుకోవాలా? మీ శిష్యుల్లో ఒక్కరైనా దిద్దారా సార్? … పేరు చెప్పండి. … అదీ సంగతి.

చెన్నైలో మీ ఉపన్యాసం పదకొండింటికి. ఇంకా ఇరవై నిమిషాలుంది. పాత స్లైడ్లు పారేయండి. కొత్తవి నాలుగు పంపా. మొదటిదాని మీద 'మా తొంభై తొమ్మిది తప్పు' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చిన్నవి చెయ్యకండి.

… పరువు పోతుందా? సార్, ఇవాళ మనం చెప్తే మన పేపరు. రేపు ఇంకెవడో చెప్తే వాడి పేపరు.

… ఆ. ఇప్పుడు దారికొచ్చారు.

పిలుస్తున్నట్టున్నారు మిమ్మల్ని. — ఉండండి, వెళ్లకండి. నా గడువు ఇంకో ఏడాది పొడిగించమని అర్జీ కూడా పంపా. ముందు దాని మీద సంతకం కావాలి. వేదిక దిగాక కాదు, ఇప్పుడే. … పెన్నెందుకు, ఫోన్ మీదే, వేలితో. … కంప్యూటర్ భద్రత ప్రొఫెసరు మీరు, నన్నడుగుతారేంటి?

… వంకరగా వచ్చినా పర్లేదు. నేను ఫోన్ పెట్టేస్తా. మీరు సంతకం పెట్టండి.