ఇద్దరు కూర్చునే బల్ల: ఆశీర్వాదం గారి అధ్యాపక జీవితం

1991 జూన్ 17వ తేదీ సోమవారం నాడు నాచారంలోని మన వేదాంత కళాశాలలో హెబ్రీ భాషోపన్యాసకులుగా బాధ్యతలు స్వీకరించిన రెవరెండ్ డాక్టర్ ఈదునూరి ఆశీర్వాదం గారు, ముప్పై అయిదు సంవత్సరాల నిర్విరామ సేవానంతరం, ప్రధానాచార్యుల హోదాలో ఈ మే నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆనాడు ఉప్పల్‌లో బస్సు దిగి, చేతిలో ట్రంకు పెట్టె, చంకలో లావుపాటి నిఘంటువుతో వానలో తడుస్తూ నడిచి వచ్చిన బక్కపలచని యువకుణ్ణి చూసి, ఎవరో కొత్త విద్యార్థి అనుకుని గేటు దగ్గరివారు వసతిగృహానికి దారి చూపించారట. ఆయన మారు మాట్లాడకుండా వెళ్ళి అక్కడే మంచం వేసుకున్నారు. తనను విద్యార్థి అనుకోవడాన్ని ఆయన ఎన్నడూ చిన్నతనంగా భావించలేదు. ఇప్పుడు దమ్మాయిగూడలోని సొంత ఇంటికి తరలిపోతున్న సామానులో అన్నిటికన్నా బరువైనది సగంలో ఆగిన ఒక వ్యాఖ్యానం. దాని సంగతి చివర చెప్పుకుందాం, ఎందుకంటే ఆయన దిగులంతా దాని గురించే.

కీసరకు అల్లంత దూరాన ఉన్న ఒక పల్లెలో, కూలి చేసుకుని బతికే క్రైస్తవ కుటుంబంలో ఆశీర్వాదం గారు జన్మించారు. తల్లి ఎస్తేరమ్మ గారికి అక్షరం రాదు. కానీ ఊళ్ళో ఎవరింట చావు జరిగినా, కులమతాల పట్టింపు లేకుండా, శోకం తీయడానికి ముందుగా ఆమెకే కబురు వచ్చేది. పోయినవారి మంచిని వరుసపెట్టి, రాగం కట్టి ఆమె ఏడుస్తుంటే రాతిగుండెలు సైతం కరిగేవట. ఆశీర్వాదం గారు మగపిల్లవాడు కనుక వాకిట్లో పెద్దమనుషుల నడుమ కూర్చుని, లోపలినుంచి వచ్చే ఆ గొంతును వింటూ పెరిగారు. తరువాతి కాలంలో, పాడుబడ్డ యెరూషలేము పట్నాన్ని తలచి ఏడ్చే హెబ్రీ విలాప గీతాలే ఆయన పరిశోధనాంశమయ్యాయంటే ఆశ్చర్యపోవలసింది లేదు.

ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళకు ఉన్నత విద్య కోసం యెరూషలేము వెళ్ళే అవకాశం ఆయనకు లభించింది. అక్కడ యూదుల ధర్మవిద్యాలయం ఒకదానికి, వారి మాటలో యెషీవాకు, అధిపతిగా ఉన్న ఒక వృద్ధ రబ్బీ గారు, అన్యమతస్థుడన్న భేదం చూపకుండా, వెనక వరుసలో కూర్చోవడానికి ఈయనను అనుమతించారు. యాభై ఏళ్ళు బోధించిన ఆ మహాపండితులు ఒక్క పుస్తకమైనా అచ్చు వేయలేదట. కారణమడిగితే, "నా శిష్యులు నాతో వాదించడం ఇంకా పూర్తి కాలేదు" అనేవారట. మొదటి రోజునే ఆయన, "నీ జోడు ఎవరు?" అని అడిగారు. తాను ఒంటరిగానే చదువుకుంటానని ఈయన చెప్పగా, "ఒంటరిగా చదివేవాడికి తన తప్పు కూడా అందంగానే కనిపిస్తుంది" అని, దినుసుల దుకాణం నడిపే ఒక శిష్యుణ్ణి పక్కన కూర్చోబెట్టారు. కాకిపిల్ల కాకికి ముద్దన్న మన సామెతను ఆశీర్వాదం గారు తరగతిలో వాడినప్పుడల్లా ఆ రబ్బీ గారిని తలుచుకునేవారు. తన పాండిత్యానికి పునాది తల్లి అయితే, గోడలు నిలిపినవారు ఆ గురువు అని ఆయన ఎన్నోసార్లు సభాముఖంగా చెప్పారు.

మన తరగతి గదుల్లో ఒంటి కుర్చీలు లేకపోవడం ఆ రబ్బీ గారి పుణ్యమే. తిరిగి వచ్చిన ఏడాదే ఆశీర్వాదం గారు మల్లాపూర్ వడ్రంగి చేత ఇద్దరేసి కూర్చునే బల్లలు చేయించి, హెబ్రీ తరగతికి ఒక నియమం విధించారు. జోడు లేనిదే పాఠం లేదు, జోడు లేనిదే పరీక్ష లేదు. ఇద్దరూ ఒకే వచనాన్ని పైకి చదివి దాని అర్థం మీద వాదించుకోవాలి, ఎదుటివారి వాదాన్ని వారికన్నా బాగా చెప్పగలిగిన తరువాతే దానిని ఖండించాలి. కొత్తలో ఒకనాటి సాయంత్రం, గోడ అవతలి కార్ఖానాలో షిఫ్టు దిగిన కార్మికులు ఈ కేకలు విని, తన్నుకుంటున్నారనుకుని విడదీయడానికి లోపలికి వచ్చారు.

"ఏందన్నా, ఆస్తి పంచాయితీనా?" అని వారిలో ఒకాయన అడిగాడు.

"ఆస్తిది గాదు తమ్మీ, రెండున్నర వేల ఏండ్ల కిందటి పంచాయితీ. ఇయ్యాల తెగేటట్టు లేదు, జర ఛాయ్ తాగి పోన్రి" అన్నారు ఆశీర్వాదం గారు.

అయితే తాను పెట్టిన నియమమే తనకు అడ్డం తిరిగిన సందర్భం 2008లో వచ్చింది. నేడు మన కళాశాలలో హెబ్రీ ఉపన్యాసకురాలైన దోర్కా గారు ఆనాడు విద్యార్థినిగా చేరారు. మల్లాపూర్‌లో లేతు మిషన్ మీద పనిచేసే కార్మికుని కుమార్తె. అంతవరకు ఆడపిల్లలు సండే స్కూలు శిక్షణతో సరిపెట్టుకునేవారు, హెబ్రీ జోలికి వచ్చినవారు లేరు. పెద్దల మాటకు జడిసి తోటి విద్యార్థులెవరూ ఆమె పక్కన కూర్చోలేదు. అప్పటి పాలకమండలి కార్యదర్శి బెంజమిన్ గారు ఎంతో మర్యాదగా వచ్చి, "మేమేం వద్దంటలేము అయ్యగారూ. నియమం మీరు పెట్టిందే గదా. ఆ పిల్లకు జోడు దొరకలేదాయె" అన్నారు.

"నియమం నియమమే. రేపు జోడు వస్తడు" అన్నారు ఆశీర్వాదం గారు.

మరునాడు పాఠం ముగించి, వేదిక దిగి వచ్చి, దోర్కా గారి బల్ల మీద ఖాళీగా ఉన్న చోట ఆయనే కూర్చున్నారు. ఆ కోర్సు పూర్తయ్యేదాకా కూర్చున్నారు. నియమం ప్రకారం జోడులో ఇద్దరూ పరీక్ష రాయాలి కనుక పరీక్షా రాశారు. పేర్లు లేని జవాబు పత్రాలు దిద్దిన బయటి ఊరి పండితులు దోర్కా గారికి మొదటి స్థానం, ఆశీర్వాదం గారికి రెండవ స్థానం ఇచ్చారు. ఫలితాలను ఆయనే స్వయంగా నోటీసు బోర్డు మీద అంటించి, ఊరంతా మిఠాయి పంచారు. "మీకు నామోషి అనిపియ్యలేదా?" అని బెంజమిన్ గారు అడిగితే ఆయన ఇచ్చిన జవాబు మన కళాశాలలో నేటికీ చెప్పుకుంటారు: "నేను చెప్పిన పాఠం నాకు పట్టలేదు గని, ఆ బిడ్డకు వంటబట్టింది. నామోషి ఎందుకు?"

2010లో ప్రధానాచార్యుల పీఠాన్ని అధిష్ఠించిన పిదప ఆశీర్వాదం గారు గ్రంథాలయాన్ని విస్తరింపజేశారు, బాలికల వసతిగృహాన్ని కట్టించారు, విద్యార్థులకు అందుబాటులో ఉండే హెబ్రీ-తెలుగు పదకోశాన్ని సమకూర్చారు. ఫైళ్ళ విషయంలో మాత్రం ఆయనంత బద్ధకస్థులు మరొకరు లేరని కార్యాలయ సిబ్బంది తరఫున ఇక్కడ నమోదు చేయక తప్పదు. సంతకం కోసం వెళ్ళినవారిని కూర్చోబెట్టి ఒక పద్యభాగం చదివించి, అర్థం అడిగి పంపేవారు, సంతకం మరిచిపోయేవారు. నేడు హెబ్రీ తరగతిలో సగం మంది అమ్మాయిలే. అందుకు మనమందరం ఆయనకు రుణపడి ఉన్నాము.

ఇక వ్యాఖ్యానం సంగతి. హెబ్రీ విలాప గీతాలను మన తెలంగాణ స్త్రీల శోకాలతో పోల్చి ఆయన చాలా ఏళ్ళుగా రాస్తున్న గ్రంథం సగంలో ఉండగా నీటికాసుల జబ్బు ఆయన చూపును మింగనారంభించింది. ఆ లిపిలో అచ్చులు అక్షరాల కింద ఆవగింజంత చుక్కలు. అవి ఆయనకు కనిపించడం మానేశాయి. చదివి వినిపిస్తామని విద్యార్థులు ముందుకు వచ్చారు, చదివిపెట్టే యాప్‌ను ఫోన్‌లో ఒకరు ఎక్కించారు. ఆయన అందరికీ నమస్కారం పెట్టి, రాసిన కాగితాలను తాడుతో కట్టి అటకెక్కించమని సతీమణి సారమ్మ గారికి ఇచ్చేశారు.

"సదివేటోళ్ళు మస్తుమంది ఉన్నరు సారమ్మా. నేనేదంటే దానికి అవునంటరు. గట్లయితే నేనొక్కన్నే ఉన్నట్టు గాదా?" అన్నారట. ఇంతమందికి జోడు కుదిర్చిన మనిషి తనకు జోడు లేక చదువుకు స్వస్తి చెప్పారు.

గత శనివారం దోర్కా గారు వారి క్వార్టరుకు వెళ్ళారు. గ్రంథాలయంలో భద్రపరచమని ఆయన ఇదివరకే ఇచ్చిన టైపు ప్రతి ఆమె చేతిలో ఉంది. కుశల ప్రశ్నలైనా వేయకుండా, "మూడో అధ్యాయం మొత్తం తప్పు సార్" అన్నారు.

"ఏం తప్పు?"

"పాడుబడ్డ పట్నం ఆడమనిషి లెక్క ఒక్కతే కూసోని ఏడుస్తున్నదని రాసిన్రు. అండ్ల రెండు గొంతులున్నయి. ఒకామె ఏడుస్తది, ఇంకొకామె అందుకుంటది."

"మా అమ్మ ఒక్కతే తీసేది బిడ్డా. నా చెవులతోని ఇన్న."

"మీరు వాకిట్ల కూసున్నరు సార్, మీకు పెద్ద గొంతే ఇనబడ్డది. మా అమ్మమ్మ సచ్చిపోయిన్నాడు నేను లోపట ఉన్న. మెడల మీద చేతులేసుకోని ఏడుస్తరు. ఒక్కతే ఏడ్సుడు మన దగ్గర లేదు."

ఆశీర్వాదం గారు, నియమం ప్రకారం, ఆమె వాదాన్ని ఆమెకన్నా బాగా చెప్పడం మొదలుపెట్టారు. ఏడుస్తున్న తన తల్లి మెడ చుట్టూ ఎవరిదో ఒక చెయ్యి ఉండి ఉంటుందన్న దగ్గర ఆగారు. ఖండన మాత్రం రాలేదు. "సారమ్మా, ఆ కట్ట కిందికి దించు" అన్నారు. "దోర్కా, జర నా పక్కన కూసో బిడ్డా."

శాలువా, జ్ఞాపిక వద్దని ఆయన ముందే చెప్పారు కనుక, దోర్కా గారు చదువుకున్న ఆ పాత బల్లనే కళాశాల పక్షాన దమ్మాయిగూడకు పంపుతున్నాము. శ్రీమతి సారమ్మ గారి తోడుగా ఆశీర్వాదం గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని, ఆ వ్యాఖ్యానం పూర్తయి మన చేతికి అందాలని, అంతదాకా ప్రతి శనివారం ఆయన మాటను తప్పు అనే మనిషి ఒకరు వచ్చి ఆ బల్ల రెండో చివరన కూర్చోవాలని మనసారా కోరుకుంటున్నాము.