లోపాకా ఇచ్చిన కిడ్నీ

లోపాకా ఎప్పుడూ చిన్నగానే మొదలుపెడతాడు.

"నేనేం పెద్ద ఘనకార్యం చేశానని," అన్నాడు ఉడికిన వేరుశనక్కాయ వొలుచుకుంటూ. "అన్నకి కిడ్నీ కావలసొచ్చింది. నాకు రెండున్నాయి. ఒకటిచ్చాను. అంతే."

హిలో నుంచి వచ్చి కొత్తగా బ్యాండులో చేరిన సొలొమోనా తన నిలువెత్తు బాస్ వాయిద్యాన్ని గోడకి ఆనించి నోరు తెరుచుకుని చూశాడు. ఉకులేలే వాయించే ఎకెలా మాత్రం హౌలానీ వైపు చూసింది. పోనియ్యమన్నట్టు హౌలానీ కనుసైగ చేసింది.

ఆ కిడ్నీ హౌలానీది.

కట్టుకున్న నైనోవాకి ఆవిడే ఇచ్చింది, కుట్లు ఇంకా లాగుతూనే ఉన్నాయి. హవాయి దీవుల్లో వైమానాలో అనే ఊళ్ళో, వాళ్ళింటి కారు షెడ్డులో శుక్రవారం మధ్యాహ్నాలు పాటలు నడుస్తాయి. ఇవాళ బ్యాండు నాయకుడు నైనోవా లేడు. కొత్త కిడ్నీ మొరాయిస్తోందేమోనని డాక్టర్లకి అనుమానమొచ్చి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఇవాళ ఆ సంగతి చెబుతామంటే తన సొంత తమ్ముణ్ణి తోడు తీసుకుని హొనొలులు ఆస్పత్రికి వెళ్ళాడు. ఒంటికి పడలేదంటే మళ్ళీ డయాలసిస్ కుర్చీలోకే. ఈవిడ ఇచ్చింది మట్టిపాలే. మూడేళ్ళపాటు ఆ కుర్చీ పక్కన కూర్చుని, ఇలాంటి కోతలే కోసి నైనోవాని నవ్వించినవాడు లోపాకా. ఇప్పుడు హౌలానీ ఒళ్ళో ఫోను పెట్టుకుని కూర్చుంది. వీడు వాగుతున్నంతసేపూ ఆవిడ చూపు ఫోను మీంచి కాస్త పక్కకి తప్పుతోంది. అందుకని వాగనిస్తోంది.

"నొప్పెయ్యలేదా అన్నా?" అన్నాడు సొలొమోనా.

"నొప్పా? మత్తుమందే వద్దన్నాను. సాయంత్రం హోటల్లో కచేరీ ఉంది, మత్తుగా ఉంటే స్టీల్ గిటారు మీద చెయ్యి జారుతుంది, మీరు కానివ్వండి అన్నాను. వాళ్ళు అటు కోస్తున్నారు, నేను ఇటు నర్సమ్మలకి పాట నేర్పుతున్నాను. కిడ్నీ తీసి పళ్ళెంలో పెట్టారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది కూనిరాగం తీస్తోంది."

"కిడ్నీయా?"

"మరి పుట్టిన దగ్గర్నుంచీ నా ఒంట్లో ఉంది, ఎన్ని పాటలు విందో ఏమో. పెద్ద డాక్టరు కత్తి పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. దీన్ని మనిషికి కాదయ్యా, రేడియోవాళ్ళకి ఇవ్వాలి అన్నాడు."

"శృతిలోనే తీసిందా?" అంది ఎకెలా. "నీ ఒంట్లోది శృతిలో ఉందంటే అదే పెద్ద వింత."

"అది నా చెయ్యి చూసి నేర్చుకున్నది కాదు, అన్న గొంతు విని నేర్చుకున్నది," అన్నాడు లోపాకా ఏమాత్రం తొణక్కుండా. "సరే, కుట్లు వేసీ వెయ్యగానే లేచి కచేరీకి వెళ్ళాను. అసలు చిక్కు అప్పుడు మొదలైంది. అన్న ఇక్కడ కొబ్బరినీళ్ళు తాగుతాడు, అక్కడ పాట సగంలో ఆపి నేను పరిగెత్తాలి. నేను బీరు తాగితే ఇక్కడ ఆయనకి కళ్ళు తిరుగుతాయి. దానికి అక్క నన్ను తిట్టిందా లేదా, అడగండి."

"తిట్టాను," అంది హౌలానీ. తిట్టిన మాట నిజమే, బీరు తాగినందుకు.

"చూశారా. అంతెందుకు, అన్న మొన్న సముద్రంలో మోకాళ్ళదాకా దిగాడు. లోపల కిడ్నీ పాడుతోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చలికాలం వస్తేగానీ రాని తిమింగలాలు, అలాస్కాలో తింటున్న తిండి అక్కడే వదిలేసి, నెల ముందే మన ఒడ్డుకొచ్చి కూర్చున్నాయి. పడవలు కదలడానికి చోటు లేదు. చేపలవాళ్ళు మా ఇంటికొచ్చి, బాబ్బాబు, నీ కిడ్నీని ఒక్క పూట నోరు మూసుకోమను అని కాళ్ళావేళ్ళా పడ్డారు."

సొలొమోనా వేరుశనక్కాయల గిన్నె మెల్లగా లోపాకా ముందుకి జరిపాడు. ఇంత గొప్పవాడి పక్కన కూర్చున్నానన్న భక్తి అతని మొహంలో కనబడుతోంది.

"ఇదంతా ఒక ఎత్తు," లోపాకా గొంతు తగ్గించాడు. "అన్న గిటారు శృతి ఒక ఎత్తు."

తీగలు వదులుచేసి కట్టే ఆ శృతి నైనోవా తాతగారిది, ఇంటిగుట్టు. గిటారు కింద పెట్టే ముందు నైనోవా తీగలన్నీ అటూ ఇటూ తిప్పేస్తాడు, ఇంకెవరి చెవినా పడకుండా.

"నా కిడ్నీ ఆయన లోపలే కూర్చుని అంతా గమనిస్తోంది కదా. కల్లోకొచ్చి చెప్పేసింది. ఏ తీగ ఎంత వదులో, ఏది ఎంత బిగువో, అంతా. ఇవాళ ఆ శృతి తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు అన్న, ఇంకొకరు..."

ఫోను మోగింది. హౌలానీ గబుక్కున ఎత్తింది.

"ఒంటికి పడిందటే," అన్నాడు నైనోవా అవతలనుంచి. "మందు మోతాదు ఎక్కువైంది, అంతే. తగ్గిస్తామన్నారు. కిడ్నీ బాగానే ఉంది."

హౌలానీ వారం రోజులుగా బిగబట్టుకున్న ఊపిరి వదిలేసింది. దాని వెనకే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"ఏడుస్తున్నావా?"

"లేదు. నవ్వుతున్నా."

"లోపాకా గాడున్నాడా?"

"ఉన్నాడు. నీకు కిడ్నీ ఇస్తున్నాడు."

"ఇంకా ఇస్తూనే ఉన్నాడా? ఇవ్వనీలే. ఆ వేరుశనక్కాయలు నాక్కూడా మిగల్చమను."

ఎకెలా వచ్చి హౌలానీని వాటేసుకుంది. ఫోనులో మాట సరిగా వినబడని సొలొమోనాకి మంచి కబురేనని మాత్రం తెలిసింది. సంబరంగా వెళ్ళి, మూలనున్న గిటారు తెచ్చి లోపాకా చేతిలో పెట్టాడు. "ఇలాంటప్పుడైనా ఆ శృతి ఒక్కసారి వినిపించన్నా."

లోపాకా గిటారుని అటూ ఇటూ తిప్పాడు, మరలు తడిమాడు, సముద్రపు గాలికి తీగలు తుప్పు పట్టాయన్నాడు.

హౌలానీ కళ్ళు తుడుచుకుంది. "కిడ్నీకి గుట్టు మోసే గుణమే ఉంటే లోపాకా, ఆ శృతి ముందు నాకు తెలియాలి. ఇచ్చినదాన్ని నేను. ముప్పైయేళ్ళు ఆయన పక్కన కాపురం చేశాను, ఇప్పుడు కడుపులోకి కూడా దూరాను. అయినా ఒక్క తీగ సంగతి చెప్పలేదు ఆ మహానుభావుడు."

సొలొమోనా ఆవిణ్ణీ లోపాకానీ మార్చి మార్చి చూసి, వేరుశనక్కాయల గిన్నె తనవైపు లాక్కున్నాడు. ఎకెలా పడీ పడీ నవ్వింది. లోపాకా కూడా నవ్వాడు గానీ, ఎంతోసేపు నవ్వలేకపోయాడు.

"ముందు నేనే వెళ్ళానక్కా," అన్నాడు గిటారు వంక చూస్తూ. "షుగరుందని పంపించేశారు. నాది పనికొచ్చుంటే..."

"తెలుసులేరా," అంది హౌలానీ. "అందుకేగా ఇందాకటిదాకా నా కిడ్నీని నీ దగ్గరే ఉండనిచ్చాను."