కట్ట ఊరిది, పేర్లు వాళ్ళవి

చింతామణిలో ఆఫీసుల వీధి, జెరాక్స్ అంగడి. బట్లహళ్ళి నుంచి వచ్చినామె సమాచార హక్కు కింద తెచ్చుకున్న తనిఖీ రిపోర్టును అంగడాయన చేతికిచ్చింది.

"అప్పీలు వేసేకి మూడు కాపీలు తియ్యప్పా."

"ఏమమ్మా ఇది, పేజీ అంతా మసి పూసుండారు? టోనరంతా దీనికే అయిపోతాది."

"మా చెరువు కట్ట తవ్వి మట్టి అమ్ముకున్నోళ్ళ పేర్లు అవి. అది వాళ్ళ సొంత మాహితి, అంటే సొంత సమాచారమంట, చట్టం ప్రకారం ఇచ్చేకి కాదంట."

"చెరువు ఊరిది కదమ్మా?"

"అదే అడిగితిని. కట్ట ఊరిదే, పేర్లు మాత్రం వాళ్ళవంట!"

"ఈడ ఒక పేరు బాగా కనిపిస్తాండాది. ఫోన్ నంబరు కూడా ఉండాది."

"అది నాదప్పా. కంప్లైంట్ ఇచ్చింది నేనే కదా."

"అయ్యో, అది నువ్వేనా అమ్మా? ఇదే రిపోర్టు మొన్న ఒకాయన తెచ్చి పది కాపీలు తీసుకపోయె. ఆయనకి నోటీసుతో పాటు వచ్చిందంట. దాంట్లో మసి యాడా లేదు."

"ఎవరప్పా ఆయన?"

"మూడు కాపీలే కదమ్మా?"

"నేనడిగింది పేరు. నువ్వూ మసి పూస్తాండావా?"