ఫ్యూజులో లావు తీగ

నవ్వకయ్యా, నువ్వు టీ వడకట్టుకో. కరెంటుకి నేనంటే హడల్. మా ఇంట్లో ఫ్యూజు పోతే నేనే వేస్తాను, ఎవణ్ణీ పిలవను. పిలిస్తే ఆ కరెంటు మేస్త్రి వస్తాడు. నలుగురిలో నన్ను పట్టుకుని "నీకు వోల్టుకీ వాటుకీ తేడా తెలీదు పెద్దాయనా" అన్నాడు వాడు. ఈ జన్మకి వాడి ముఖం చూడను.

నాకా తేడా తెలియంది? అక్షరాలు రావుగానీ, సామాన్ల మీదుండే అంకెలన్నీ నా నోట్లో ఉన్నాయి. వోల్టంటే తోపు, కరెంటుని నెట్టే బలం. ఇంటింటికీ ఒకటే తోపు, రెండు వందల ముప్పై. వాటంటే తిండి. బల్బుది పిట్టతిండి, తొమ్మిది. ఫ్యానుకి డెబ్బై. నీళ్ళు కాచే రాడ్డు పదిహేను వందలు మింగుతుంది, ఇస్త్రీపెట్టె వెయ్యి. మా వంటింటి బోర్డు మహా అయితే పదమూడు వందలు మోస్తుంది.

"అంతకు మించితే?" అన్నాడు టీకొట్టాయన.

ఫ్యూజులో సన్నతీగ కాలి తెగుతుంది. అదీ ఒక తీగేనా, పిరికిది! తిండి కాస్త ఎక్కువైతే చాలు, ముందు తను చస్తుంది, ఇల్లు చీకటి. నేనేం చేశానో తెలుసా? పాత మోటారులోంచి పుల్లంత లావు రాగితీగ పీకి బిగించా. ఇప్పుడు చావమను చూద్దాం!

ఆ మర్నాడే మొదలైంది. గోడలో తుమ్మెద రొద. చెయ్యి పెడితే గోడ జ్వరమొచ్చిన ఒళ్ళులా కాలుతోంది. మాడిన రబ్బరు వాసన. మా ఆవిడ పీటెక్కి వణుకుతోంది. అప్పుడు బోర్డు చిల్లుల్లోంచి, ఒట్టు, నీలం మంట నాలుకలా బయటికొచ్చింది. దేనికొచ్చిందంటావ్? నా కోసమే! వంటింట్లోంచి పడకగదికి, అక్కణ్ణుంచి పెరట్లోకి, నా మడమలు నాకుతూ వెనకే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గిరుక్కున తిరిగి దాని పీక పట్టేశా! రెండు వందల ముప్పై వోల్టులూ ఈ గుప్పిట్లో! మీసం కొసలు వెలిగాయి. వేలు చూపిస్తే ఫ్యాను తిరిగింది. వీధంతా కరెంటు పోతే నేను గడప మీద నిలబడి అందరిళ్ళకీ సప్లై ఇచ్చా. ట్రాన్స్‌ఫార్మరు స్తంభం దిగొచ్చి...

"కాళ్ళు పట్టుకుందా మామయ్యా?" అన్నాడు మా చెల్లెలి కొడుకు. పక్క దుకాణంలో బట్టలు కుడతాడు, నోరెక్కువ.

పట్టుకుంది! కావాలంటే అడుగు!

"నిన్నే అడుగుతా. పొద్దున నా ఇస్త్రీపెట్టె తీసుకెళ్ళావుగా, ఎక్కడ గుచ్చావు?"

వంటింటి బోర్డులో, రాడ్డు పక్కన. రెండూ వేసే వచ్చా. నేను టీ తాగి వెళ్ళేసరికి నీళ్ళూ కాగుతాయి, పెట్టే వేడెక్కుతుంది.

"ఆ రెండింటి తిండీ కలిపి చెప్పు."

రెండు వేల ఐదు వందలు.

"బోర్డు మోసేది పదమూడు వందలన్నావు. ముందు చావాల్సిన సన్నతీగని నువ్వే పీకేశావు. మరిప్పుడు ముందు చచ్చేది ఎవరు మామయ్యా?"

నా గ్లాసు ఒలికి వేళ్ళు కాలాయి. ఇంట్లో మా ఆవిడ ఒక్కతే ఉంది.

"అత్తయ్య ఈపాటికి ఆపేసే ఉంటుందిలే" అంటూనే వాడు చెప్పుల కోసం వెతుకుతున్నాడు.

ఆపదురా. నా మాటలన్నీ నమ్మేది అదొక్కతే. ఉత్త చేత్తో స్విచ్చి ముట్టుకోదు. మా ఇంట్లో స్విచ్చి వెయ్యాలన్నా తియ్యాలన్నా, నేనైనా సరే, ఈ చేతికర్రతోనే నొక్కుతాం.

కర్ర ఇక్కడుంది. పట్టుకో. నీ కాళ్ళలో బలముంది, పరిగెత్తు!