ఎండాకాలపు జాలి

కాలిఫోర్నియాలో, ఓహై కొండల కింద, ఆ నేలలో సహజంగా పెరిగే మొక్కల్నే పెంచే నర్సరీ. ఆగస్టు ఎండలో, ఎండిపోయిన ఫ్లానెల్ చెట్టు ముందు అరవై దాటిన ఈనెజ్, ఆమె తమ్ముడు బేతో నిలబడ్డారు. కార్చిచ్చుకి కాలిపోయిన కొండమీద మళ్ళీ దాని పసుపు పూలు పూయాలంటే ఈ ఒక్క చెట్టు కొమ్మలు తీసి నాటడమే ఆధారం, మరి అదేమో చచ్చి కూర్చుంది.

“వేరు చూడక్కా. మెత్తగా కుళ్ళిపోయింది. మట్టి పిండితే నీళ్ళు కారుతున్నాయి.”

“వాన పడిందేమోరా.”

“ఆగస్టులోనా? ఇక్కడ చలికాలం దాకా చినుకే పడదుగా.”

“పోనీ, పొగమంచు...”

“అక్కా.”

“ఏంట్రా?”

“నీళ్ళెవరు పోశారు?”

“నన్నడుగుతావేం? ప్రతి శనివారం జనాన్ని కూర్చోబెట్టి, ఎండాకాలం దీనికి నీళ్ళు పోస్తే చంపినట్టేనని గొంతు చించుకునేది నేను!”

“అవును. మరి వెనకాల ఆ నీళ్ళ క్యాను ఎందుకు దాస్తున్నావ్?”

“ఇదా? ఇది... నారుకి.”

“నారు అటు పక్కనుంది.”

“సరే, పోశాను! ఆకులు వేలాడేసుకుని నావంకే చూస్తుంటే ఏం చెయ్యను? వారానికి ఒక్క క్యాను. సోమవారం సోమవారం. అంతకే చస్తుందా?”

“సోమవారమా?”

“ఆ. ఏం, ముహూర్తం కుదర్లేదా?”

“నేను గురువారం పోశానక్కా.”

“నువ్వా! ‘నీళ్ళు పోయకండి’ అని బోర్డు రాసిందే నువ్వు కదరా!”

“రాస్తుంటేనే జాలేసింది.”

“సిగ్గులేకపోతే సరి. నాకూ లేదనుకో. కొండమీద వాళ్ళు రెండు వందల గుంతలు తవ్వి కూర్చున్నార్రా. ఏ మొహం పెట్టుకుని చెప్తాం? ఏడుపొస్తోంది నాకు.”

“ఏడవకు. చెట్టుకి మళ్ళీ తడి తగుల్తుంది.”

“నోర్ముయ్.”

“అక్కా, ఇంకోటి ఉంది.”

“ఇంకేం చంపావు?”

“చంపలేదు. ఆరేళ్ళ కింద దీన్నుంచి విరిగిన కొమ్మ పారెయ్యమన్నావ్ చూడు, పారెయ్యలేక ఎక్కడో మట్టిలో గుచ్చి మర్చిపోయాను. మొన్న కనపడింది. నా అంత ఎత్తు పెరిగింది.”

“బతికే ఉందా? నిజంగా?”

“మర్చిపోయాం కదా, బతికింది.”

“ఎక్కడరా? పద, చూపించు!”

“ముందు ఆ క్యాను కింద పెట్టు.”

“పెట్టాను. ఎక్కడ?”

“వానలు పడేదాకా చెప్పను. చెప్తే నువ్వు సోమవారం వెళ్తావ్. ఆ చోటు నాకెలాగూ తెలుసు కదా, ఈ గురువారం నన్ను ఎక్కడైనా గదిలో పెట్టి తాళం వెయ్యక్కా.”